ప్రాణం ఉండగానే లెక్క: కణంలోని లోహాలను వెలిగించి చూసినవారి చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, డి.ఏ. బకాయిల మీదనో, పే రివిజన్ మీదనో వ్రాస్తానని ఆయన అనుకొని ఉండవచ్చును. ఆ విషయాలు నాకంటె బాగా తెలిసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఈసారి ఒక చరిత్ర వ్రాయదలచాను. రాజుల చరిత్ర కాదు, యుద్ధాల చరిత్ర కాదు. బతికి ఉన్న కణంలో కాల్షియం, జింకు, రాగి వంటి లోహాలు ఎంత ఉన్నవో, ఎప్పుడు ఎటు కదులుతున్నవో, ఆ కణాన్ని చంపకుండా చూడగలిగినవారి చరిత్ర.

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, మండలాలు వచ్చిన తరువాత మండల ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన గుమాస్తాను. మా మనవరాలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో ఈ విషయం మీద ప్రాజెక్టు చేసింది. ఆ అమ్మాయి పుస్తకాలు తెచ్చి ఇచ్చి, అడిగినదానికల్లా ఓపికగా చెబుతూ ఉంటే నోటు బుక్కులో వ్రాసుకొన్నవాటిని ఒక క్రమంలో పెట్టాను. చదివినకొద్దీ నాకు తోచినది ఏమంటే, ఇది లెక్క చూడటం గురించిన కథ. లెక్కలు చూసి బతికినవాళ్ళం మనం. కనుక ఇది మనకు పరాయి విషయం కాదు.

బయటి లెక్క, లోపలి లెక్క

మనలో చాలామంది ఏడాదికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్ష చేయించుకొంటాం. రిపోర్టులో కాల్షియం 9.2 అనో 9.8 అనో ఉంటుంది. ఇంచుమించు 8.5 నుండి 10.5 మధ్య ఉంటే డాక్టరు గారు పరవాలేదంటారు. 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నదో చెప్పే అంకె అది. అంటే కణాలకు బయట ఉన్న లెక్క.

మనిషి ఒంట్లో మొత్తం కాల్షియం ఇంచుమించు ఒక కిలో ఉంటుంది. అందులో 99 శాతం ఎముకలలో, పళ్ళలో ఉంటుంది. మిగిలిన ఒక్క శాతంతోనే రక్తం, కండ, నరం, గుండె అన్నీ గడుపుకోవాలి. ఆ ఒక్క శాతంలో కూడా కణం లోపల విడిగా తిరిగేది బహు స్వల్పం. కణం చుట్టూ ఉన్న ద్రవంలో పదివేల రూపాయలు ఉన్నవనుకొంటే కణం లోపల ఉండేది ఒక్క రూపాయి.

ఇక్కడ లోహం అంటే ముక్కగా ఉండే లోహం కాదు. ఉప్పు నీళ్ళలో కరిగితే అందులోని సోడియం విద్యుదావేశం పొంది విడిగా తిరుగుతుంది. దానిని అయాన్ అంటారు. కణంలోని కాల్షియం, జింకు, రాగి కూడా అయాన్ల రూపంలోనే ఉంటాయి.

పదివేల రెట్ల ఆ తేడాను నిలుపుకోవడానికి కణం లోపలికి వచ్చిన కాల్షియాన్ని శక్తి ఖర్చుపెట్టి మరీ బయటికి తోడిపోస్తూ ఉంటుంది. ఎందుకంటే తలుపు ఒక్క క్షణం తెరిస్తే చాలు, లోపలి లెక్క పది రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలే కణానికి ఉత్తర్వు. కండ ముడుచుకోవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, నరం కొస నుండి కబురు పక్క నరానికి చేరాలన్నా ఆ ఉత్తర్వు కాల్షియం రూపంలోనే అందుతుంది. పని కాగానే కాల్షియం బయటికి పోతుంది, ఉత్తర్వు రద్దవుతుంది.

క్షణంలో వచ్చి క్షణంలో పోయే ఈ లెక్కను చూడటమెట్లా? కణాన్ని చిదిపి చూద్దామంటే గోడలు పగిలి బయటిదీ లోపలిదీ కలిసిపోతాయి. చంపకుండా చూద్దామంటే లోపలికి పోయే దారి లేదు. ఈ చిక్కు విడటానికి నూరేళ్ళు పట్టింది.

కుళాయి నీళ్ళు పట్టి ఇచ్చిన రహస్యం

కాల్షియానికి ఇంత పని ఉన్నదని మొదట బయటపెట్టినది లండన్ యూనివర్సిటీ కాలేజీ వైద్యుడు సిడ్నీ రింగర్. ఆయన కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పు ద్రావణంలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకొంటుందో చూసేవాడు. 1882లో ఆ ప్రయోగాలు అచ్చువేశాడు. గుండె చక్కగా కొట్టుకొన్నది. తరువాత అదే ద్రావణం మళ్ళీ కలిపితే గుండె ఆగిపోవడం మొదలుపెట్టింది. ఉప్పు అదే, తూకం అదే. ఆరా తీస్తే తేలినదేమంటే, మొదటి ద్రావణం స్వేదన జలంతో కలిపినది కాదు, లండన్ నగరానికి నీళ్ళు సరఫరా చేసే కంపెనీ కుళాయి నీళ్ళతో కలిపినది. ఆ నీళ్ళలో కాల్షియం ఉన్నది. గుండెను నడిపినది ఆ చిటికెడు సున్నం.

రింగర్ దీనిని దాచిపెట్టలేదు. ముందు వ్రాసినది సవరించుకొంటూ 1883లో మరొక పత్రం అచ్చువేశాడు. దానివల్లనే ఆయన పేరు నిలిచింది. ఆసుపత్రిలో పడుకొన్నవారికి ఎక్కించే ఆర్.ఎల్. సీసా మనందరికీ తెలిసినదే. ఆర్ అంటే రింగర్. 1930లలో అలెక్సిస్ హార్ట్‌మన్ అనే అమెరికా పిల్లల వైద్యుడు ఆయన ద్రావణంలో లాక్టేట్ కలిపాడు. దాని గుర్తే ఎల్. ఆ సీసా మీద ఇంత అర్థం ఉన్నదని నాకు డెబ్బై ఏళ్ళు దాటాక తెలిసింది.

చంపి లెక్కపెట్టిన కాలం

తరువాత డెబ్బై ఎనభై ఏళ్ళు ఒంట్లోని పదార్థాలను కొలవడమంటే రక్తమో, కండ ముక్కో తీసి, మందులు కలిపి, వచ్చిన రంగును బట్టి లెక్క కట్టడమే. ఈ విద్యలో మన తెలుగువాని చేయి ఉన్నదని చెప్పుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. నీలిరంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఉన్నట్లు. ఆ పద్ధతి మీద పనిచేస్తూనే కండలో శక్తిని దాచే ఏ.టి.పి. అనే పదార్థాన్ని వారిద్దరూ 1929లో ప్రకటించారు. కణం కాల్షియాన్ని బయటికి తోడిపోయడానికి ఖర్చుపెట్టేది ఆ ఏ.టి.పి.నే. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నాడు.

రంగు చూసి లెక్క చెప్పే విద్య అట్లా బలపడింది. కాని అది ప్రాణం పోయిన తరువాత వ్రాసుకొనే పంచనామా వంటిది. ఎంత ఉన్నదో చెబుతుంది. ఎప్పుడు వచ్చింది, ఎటు పోయింది అంటే దాని దగ్గర జవాబు లేదు. 1947లో అమెరికాలో హైల్‌బ్రన్ అనే ఆయన కండ పోగులోకి కాల్షియం ఎక్కిస్తే అది ముడుచుకొంటుందని చూపించాడు. 1960లలో జపాన్‌లో సెట్సురో ఎబాషి ఆ ముడుపుకు కాల్షియం ఎట్లా కారణమో విడమరచాడు. అయినా బతికిన కణంలో కాల్షియం వచ్చిపోవడాన్ని కంటితో చూడనంతకాలం నమ్మనివారు నమ్మలేదు.

ట్యూబులైటులో ఉన్న విద్యే

కంటితో చూడాలంటే వెలుగు కావాలి. మలేరియాకు మన పెద్దలు మింగిన చేదు క్వినైన్ అందరూ ఎరిగినదే. ఆ క్వినైన్ కరిగిన నీరు చూడటానికి తేటగా ఉంటుంది గాని ఎండలో పెడితే పై అంచున నీలి వెలుగు కనిపిస్తుంది. 1845లో జాన్ హెర్షెల్ దీనిని గూర్చి వ్రాశాడు. 1852లో కేంబ్రిడ్జి ఆచార్యుడు జార్జి స్టోక్స్ కారణం చెప్పాడు. కంటికి కనపడని అతినీలలోహిత కిరణాన్ని పదార్థం మింగి, కంటికి కనపడే వెలుగుగా తిరిగి ఇస్తున్నది. దానికి ఆయన పెట్టిన పేరు ఫ్లోరెసెన్స్. మన పాఠ్యపుస్తకాలలో ప్రతిదీప్తి అంటారు.

మన ఇళ్ళలో వెలిగిన ట్యూబులైటు పనిచేసినది ఇట్లాగే. గొట్టం లోపల పాదరసపు ఆవిరి ఇచ్చే కనపడని కిరణాన్ని గోడకు పూసిన తెల్లటి పొడి వెలుగుగా మారుస్తుంది. బ్యాంకులో క్యాషియరు నోటును ఊదారంగు దీపం కింద పెట్టి చూసేదీ ఇందుకే. అసలు నోటులోని పోగులు, నెంబర్లు ఆ కాంతిలో మెరుస్తాయి.

ఇక ఊహించండి. మామూలుగా మందంగా ఉండి, కాల్షియం తగలగానే మెరిసే పదార్థం ఒకటి కణంలో ఉంటే? ఆ మెరుపే కాల్షియం లెక్క. ఇంగ్లీషులో ఫ్లోరెసెంట్ ప్రోబ్ అనే దాని సారమంతా ఇదే. నేను వెలుగు శోధకం అంటాను.

సింకులో మెరిసిన జెల్లీ చేప

మొదటి దారి సముద్రం చూపించింది. ఒసాము షిమొమురా అనే జపానీయుడు 1928లో పుట్టాడు. 1945 ఆగస్టులో నాగసాకి మీద అణుబాంబు పడ్డప్పుడు పదహారేళ్ళ కుర్రవాడు. దగ్గరలోని ఇసహాయ ఊళ్ళో ఉన్నాడు. ఆ వెలుగుకు కాసేపు కళ్ళు కనిపించలేదు. అటువంటివాడు పెద్దయ్యాక జీవితమంతా ప్రాణులిచ్చే చల్లని వెలుగు మీద పనిచేశాడు.

1961 వేసవిలో ఆయన, ప్రిన్స్‌టన్ ఆచార్యుడు ఫ్రాంక్ జాన్సన్ అమెరికా పడమటి తీరంలోని ఫ్రైడే హార్బర్ చేరుకొన్నారు. అక్కడి జెల్లీ చేపల అంచులు పచ్చగా మెరుస్తాయి. వేల సంఖ్యలో పట్టి, అంచులు కోసి, పిండి, రసం తీశారు. మెరుపు మాత్రం చేతికి చిక్కలేదు. ఆమ్లం కలిపితే వెలుగు ఆగుతుందని షిమొమురాకు తోచి, చేసి చూశాడు. ఆగింది. ఆ రోజు పని ముగిసి, మిగిలిన రసాన్ని సింకులో పారబోశాడు. సింకంతా ఒక్కసారి నీలంగా భగ్గుమన్నది. ఆ సింకులోకి తొట్ల నుండి సముద్రపు నీరు పారుతూ ఉంటుంది. సముద్రపు నీటిలో కాల్షియం ఉన్నది. గుట్టు తెలిసిపోయింది. 1962లో ఆ పదార్థాన్ని ఈక్వోరిన్ అనే పేరుతో ప్రకటించారు. దానితోపాటు ఆ నీలి వెలుగును పచ్చగా మార్చే మరొక ప్రోటీను కూడా దొరికింది. దాని సంగతి తరువాత వస్తుంది. ఆ పరిశోధన కోసం ఏళ్ళ తరబడి భార్యాబిడ్డలతో సహా వలలు పట్టుకొని షిమొమురా సేకరించిన జెల్లీ చేపలు మొత్తం ఎనిమిదిన్నర లక్షలు.

1967లో రిడ్జ్‌వే, ఆష్లీ అనే ఇద్దరు సముద్రపు గుల్లజాతి ప్రాణి ఒకదాని లావాటి కండ పోగులోకి సూదితో ఈక్వోరిన్ ఎక్కించారు. కండకు విద్యుత్తు తగిలించగానే ముందు వెలుగు, ఆ వెనుకనే ముడుపు. ఉత్తర్వు ముందు, అమలు తరువాత. 1977లో మెడాకా అనే చిన్న చేప అండంలో ఇంకా గొప్ప దృశ్యం చూశారు. బీజకణం ప్రవేశించిన చోట కాల్షియం వెలుగు మొదలై, కెరటంలాగా అండం ఈ కొస నుండి ఆ కొసకు సాగిపోయింది. ఒక ప్రాణి మొదలైనదని చెప్పే తొలి కబురు అది.

ఇంత చేసినా ఈక్వోరిన్‌తో ఒక ఇబ్బంది ఉండిపోయింది. సూదితో పొడవాలి. సూదికి తట్టుకొనేంత పెద్ద కణాలకే అది పనికివస్తుంది. మన రక్తంలోని కణాలు, నరాల కణాలు అంత పెద్దవి కావు.

కవరులో పెట్టి పంపిన రంగు

ఆ ఇబ్బంది తీర్చినవాడు రోజర్ చెన్. చైనా నుండి వచ్చిన కుటుంబంలో 1952లో న్యూయార్క్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం. బయట ఆడుకోలేక ఇంట్లో కూర్చొని రసాయనాలతో ప్రయోగాలు చేసేవాడు. పదహారేళ్ళకే, లోహాలు ఒక రసాయనాన్ని ఎట్లా పట్టుకొంటాయన్న విషయం మీద పనిచేసి, అమెరికా దేశం మొత్తం మీద పాఠశాల విద్యార్థుల పోటీలో మొదటి బహుమతి అందుకొన్నాడు. తరువాత ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పరిశోధకుడయ్యాడు.

ఆయన ముందున్న చిక్కులు మూడు. ఒక్కొక్కటే చెబుతాను.

మొదటిది, కాల్షియాన్ని మాత్రమే పట్టుకోవాలి. కణంలో కాల్షియం కంటె మెగ్నీషియం కొన్ని వేల రెట్లు ఎక్కువ. రెండూ చూపుకు అన్నదమ్ముల వంటివి. పీత తన పెద్ద కాళ్ళతో పట్టుకొన్నట్లు లోహాన్ని పట్టుకొనే పదార్థాలు అప్పటికే ఉన్నాయి. వాటిలో ఒకదాని నిర్మాణం మార్చి, కాల్షియం పట్టే కొలతకే సరిపోయే అణువును చెన్ తయారుచేశాడు. 1980లో ప్రకటించిన ఆ అణువు పేరు బాప్టా. మెగ్నీషియం ఎంత ఉన్నా దానికి లెక్కలేదు.

రెండవది, కణం లోపలికి పంపాలి. ఆ అణువు చివరల విద్యుదావేశాలు ఉంటాయి. కణం గోడ నూనెవంటి పొర కనుక ఆవేశం ఉన్నదానిని రానివ్వదు. చెన్ చేసిన ఉపాయం మన టపా సెక్షన్‌కు తెలిసినదే. ఆ చివరలకు రసాయనపు తొడుగు వేశాడు. అంటే ఉత్తరాన్ని కవరులో పెట్టాడు. కవరు గోడ దాటి లోపలికి పోతుంది. లోపల ఉండే ఎంజైములు కవరు చింపుతాయి. ఉత్తరం మిగులుతుంది. ఇక అది బయటికి రాలేదు, ఎందుకంటే దాని ఆవేశం దానికి తిరిగి వచ్చింది. సూది లేదు, పోటు లేదు. కణాల మీద ద్రావణం పోసి కాసేపు ఆగితే చాలు. 1981లో ఈ పద్ధతి ప్రకటించాడు. 1982లో ఇటలీకి చెందిన తుల్లియో పొజ్జాన్, ఇంగ్లండు వాడైన టిమ్ రింక్‌లతో కలిసి క్విన్-2 అనే రంగుతో తెల్ల రక్తకణాలలోని కాల్షియం లెక్క తీశాడు. బయటి లెక్కలో పదివేల వంతు అన్న అంకె చిన్న కణాలలో కూడా అట్లా రుజువైంది.

ఇక్కడ మనకు నవ్వు వచ్చే సంగతి ఒకటి ఉంది. కవరు చింపే ఎంజైములు బతికిన కణంలోనే పనిచేస్తాయి. రంగు కూడా గోడ చెడని కణంలోనే నిలుస్తుంది. కనుక ఇదే పద్ధతిలో తయారుచేసిన కాల్సీన్ అనే రంగును కణాలు బతికి ఉన్నవా లేవా అని చూడటానికి వాడతారు. బతికినది పచ్చగా మెరుస్తుంది, చచ్చినది మెరవదు. నేను ఇది విని మా మనవరాలితో, “అయితే కణాలు కూడా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవలసిందే నన్నమాట” అన్నాను. “మీరు ఏడాదికి ఒకసారి ఇస్తారు తాతయ్యా, ఇవి అడిగినప్పుడల్లా ఇవ్వాలి” అన్నది.

మూడవది, అంకెను నమ్మడమెట్లా? ఒక కణం మందంగా ఉండి ఎక్కువ రంగు పీల్చుకొంటే ఎక్కువ మెరుస్తుంది. అది కాల్షియం ఎక్కువై మెరిసిందా, రంగు ఎక్కువై మెరిసిందా? పైగా క్విన్-2 మసక రంగు కావడం వల్ల ఎక్కువ మోతాదు వేయవలసి వచ్చేది. ఎక్కువ వేస్తే అదే కాల్షియాన్ని పట్టేసుకొనేది. ఆడిట్ పార్టీ వచ్చి రిజిస్టర్లన్నీ తమ బల్ల మీద పెట్టుకొంటే ఆఫీసు పని ఆగిపోయినట్లు.

1985లో అమెరికాలోని బర్క్‌లీలో చెన్, పోలండు రసాయనవేత్త గ్రింకియెవిచ్, పోనీ అనే మరొకరు కలిసి ఫ్యూరా-2 అనే రంగును ప్రకటించారు. ఇది ఎంతో ప్రకాశవంతమైనది కనుక కొంచెం చాలు. ఇంకా ముఖ్యమైన సంగతి, దానిమీద రెండు రకాల కిరణాలు వేసి చూస్తారు, 340 నానోమీటర్లది ఒకటి, 380 నానోమీటర్లది ఒకటి. కాల్షియం పట్టుకొన్న రంగు మొదటి దానికి ఎక్కువ మెరుస్తుంది, పట్టుకోనిది రెండవ దానికి ఎక్కువ మెరుస్తుంది. రెండు మెరుపులను భాగహారం చేస్తే రంగు ఎంత ఉన్నదన్న సంగతి కొట్టుకుపోయి కాల్షియం లెక్క మిగులుతుంది. ఆఫీసు రిజిస్టరును ట్రెజరీ లెక్కతో సరిచూసి సంతకం చేసినవారికి దీని విలువ చెప్పనక్కరలేదు. ఒక్క రిజిస్టరు చూసి నమ్మకూడదు.

కాల్షియం దాటి

దారి తెలిసిన తరువాత తక్కిన లోహాలు వరుసకట్టాయి. 1989లో చెన్ బృందమే సోడియానికి, పొటాషియానికి శోధకాలు చేసింది. జింకుకు సంబంధించి 1987లో ఫ్రెడరిక్‌సన్ బృందం మెదడు ముక్కలలో జింకును వెలిగించి చూసింది. 1994లో ఆస్ట్రేలియా వారు క్లోమంలోని ఇన్సులిన్ కణాలలో జింకును వెలిగించారు. మన సంఘంలో షుగరు లేనివారిని వేళ్ళ మీద లెక్కించవచ్చు కనుక ఇది చెబుతున్నాను. క్లోమం ఇన్సులిన్‌ను జింకుతో కట్టగట్టి నిల్వ చేస్తుంది. ఇన్సులిన్ బయటికి వచ్చినప్పుడు జింకు కూడా వస్తుంది. జింకు మెరుపును చూస్తే ఇన్సులిన్ ఎప్పుడు విడుదలైనదో తెలుస్తుంది.

రాగి సంగతి వేరు. 1912లో కిన్నియర్ విల్సన్ అనే వైద్యుడు వివరించిన జబ్బు ఒకటి ఉన్నది. వంశపారంపర్యంగా వచ్చే ఆ జబ్బులో రాగి కాలేయంలో, మెదడులో పేరుకొంటుంది. మందులు ఉన్నాయి, కాని ముందుగా గుర్తించాలి. 2006లో బర్క్‌లీలో క్రిస్టఫర్ చాంగ్ బృందం బతికిన కణంలో రాగిని చూపే శోధకాన్ని ప్రకటించింది. రాగి ఎక్కడ ఆగుతున్నదో తెలిస్తే గాని ఎక్కడ అడ్డుపడాలో తెలియదు.

మన పొరుగున శ్రీలంకలో పుట్టిన ఎ.పి. డిసిల్వా గారు ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో ఇటువంటి శోధకాలను నిర్మించే సూత్రాలను తీర్చిదిద్దారు. 1993లో ఆయన బృందం చేసిన అణువు ఒకటి సోడియమూ, ఆమ్లమూ రెండూ ఉంటేనే మెరుస్తుంది, ఒక్కటి ఉంటే మెరవదు. ఇద్దరు సంతకాలు పెడితేనే చెల్లే చెక్కు వంటిది. ఆయన సూత్రం మీద తయారైన సోడియం, పొటాషియం, కాల్షియం శోధకాలు ఆసుపత్రి రక్తపరీక్ష పరికరాలలోకి వచ్చాయి.

మెరుపు పంచి, వెలుగులో లేని మనిషి

ఇప్పుడు జెల్లీ చేపలోని ఆ పచ్చని ప్రోటీను సంగతి. రంగును పోయడం కాక, మెరిసే ప్రోటీనును కణం తనంత తానే తయారుచేసుకొనేట్లు చేస్తే? అందుకు ఆ ప్రోటీను జన్యువు కావాలి. దానిని వేరుచేసినవాడు డగ్లస్ ప్రాషర్. 1985లో ఈక్వోరిన్ జన్యువును పట్టుకొన్నవారిలో ఆయన ఒకడు. తరువాత వుడ్స్ హోల్‌లో పనిచేస్తూ 1992లో పచ్చ ప్రోటీను జన్యువును ప్రకటించాడు. కాని పరిశోధన కొనసాగించడానికి నిధులు దొరకలేదు. ఉద్యోగం నిలవలేదు. ఆ జన్యువును తన దగ్గరే దాచుకోలేదు. అడిగిన మార్టిన్ చాల్ఫీకి, రోజర్ చెన్‌కు పంపించాడు.

చాల్ఫీ 1994లో ఆ జన్యువుతో పురుగు కణాలను వెలిగించాడు. చెన్, మియవాకీ తదితరులు 1997లో దాని రకరకాల రంగులతో కాల్షియాన్ని చూపే శోధకాన్ని తయారుచేశారు. 2008లో షిమొమురా, చాల్ఫీ, చెన్ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతిని ముగ్గురికి మించి పంచరాదని నియమం. ఆ వార్త వచ్చిన నాడు ప్రాషర్ అలబామా రాష్ట్రంలో ఒక కార్ల దుకాణంలో ఖాతాదారులను ఇళ్ళకు దింపే బండి నడుపుతున్నాడు.

చాల్ఫీ, చెన్ ఆయనను, ఆయన భార్యను తమ ఖర్చుతో స్టాక్‌హోం ఉత్సవానికి తీసుకువెళ్ళారు. ఆయన పని లేకుంటే తమ పని లేదని బహిరంగంగా చెప్పారు. 2012లో చెన్ ఆయనకు తన ప్రయోగశాలలోనే ఉద్యోగమిచ్చాడు. చెన్ 2016లోను, షిమొమురా 2018లోను కాలం చేశారు.

ఫైలు కదలాలంటే కింద నోటు వ్రాసినవాడు ఒకడుంటాడు. పైన సంతకం పెట్టినవారి పేరే ఉత్తర్వులో కనిపిస్తుంది. ఈ సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు. అయితే సంతకం పెట్టిన పెద్దలు కింద నోటు వ్రాసినవానిని వెంటబెట్టుకొని సభకు తీసుకువెళ్ళడం అరుదు. అందుకే ఆ సంగతి ఈ చరిత్రలో చేర్చాను. రింగర్ ద్రావణానికి కుళాయి నీళ్ళు పట్టి తెచ్చిన చేయి కూడా ఈ చరిత్రలో ఉన్నదని మరువరాదు.

మనకు మిగిలే మాట

ఈ వ్యాసం చదివి కొందరు, దీనివల్ల మనకు ఒరిగేదేమిటి అని అడగవచ్చును. రెండు సంగతులు మనవి చేస్తాను.

ఒకటి ఆరోగ్య విషయం. మనలో చాలామంది బి.పి.కి ఆమ్లోడిపిన్ వాడుతున్నాం. రక్తనాళపు కండ కణాలలోకి కాల్షియం పోయే తలుపును అది కొంత మూసి ఉంచుతుంది. నాళం వదులై బి.పి. తగ్గుతుంది. దాని అర్థం అది ఎముకల కాల్షియాన్ని తగ్గిస్తుందని కాదు. ఆ భయంతో మాత్ర మానేయవద్దు. బయటి లెక్క వేరు, లోపలి లెక్క వేరు అని తెలిస్తే ఆ భయం ఉండదు. అట్లాగే, ఈ శోధకాలు పరిశోధనశాలలో కణాల మీద వాడేవి. వాటి పేరు చెప్పి, మీ ఒంట్లోని లోహాలన్నీ చూపిస్తాం, విషం తీసేస్తాం అని ఎవరైనా కరపత్రం పంచితే డబ్బు ఇవ్వకముందు మీ డాక్టరు గారిని అడగండి. పెన్షనర్ల ఇళ్ళకే ఆ కరపత్రాలు ఎక్కువ వస్తాయి.

రెండవది మన పిల్లల విషయం. మనుమలు, మనుమరాండ్రు పరిశోధన చేస్తామంటే, దేనికి పనికివస్తుంది, ఎంత జీతం వస్తుంది అని ముందు అడుగుతాం. అడగవలసిందే, మధ్యతరగతి వాళ్ళం. కాని కప్ప గుండె ఎందుకు, జెల్లీ చేప మెరిస్తే ఎవరికి లాభం అని ఆనాడు అడిగి ఆపి ఉంటే ఈనాడు గుండె కణంలో, నరపు కణంలో ఏం జరుగుతున్నదో తెలిసేది కాదు. ఇప్పుడు కొత్త మందులు వెదికేటప్పుడు ఏ మందుకు కణం జవాబు ఇస్తున్నదో ఈ కాల్షియం మెరుపును బట్టే వేల సంఖ్యలో పరీక్షిస్తున్నారు. పనికివచ్చే రోజు ముందుగా ఉత్తరం వ్రాసి రాదు. ప్రాషర్‌కు రెండు మూడేళ్ళ నిధులు అంది ఉంటే కథ మరొక విధంగా ఉండేది. కనుక మన ఇంట్లో ఒక పిల్ల సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటానంటే, ఆ కొద్ది ఏళ్ళు గడవడానికి మన పెన్షన్‌లో నుండి కొంత చేయూత ఇవ్వగలిగితే ఇవ్వండి. ఇవ్వలేకపోతే దేనికి పనికివస్తుందని మాత్రం ఎత్తిపొడవకండి.

సభ్యులందరూ ఆయురారోగ్యాలతో ఉండాలని, లైఫ్ సర్టిఫికెట్లు సకాలంలో సమర్పించాలని కోరుతూ, సెలవు.